తట్టల్లో తరలిపోయిన రాతియుగం

యూరప్ ఆదిమ చరిత్ర ముందుగా దొరికింది పండితులకు కాదు, మట్టి పనివాళ్లకు. ఫ్రాన్స్ ఉత్తరాన సోమ్ నది ఒడ్డున కంకర తవ్వే కూలీలకు చెకుముకి రాతి పనిముట్లు తరచుగా తగులుతుండేవి. ఒక కొస మొన తేలి ఉంటుంది, రెండో కొస అరచేతిలో ఇమిడేంత గుండ్రంగా ఉంటుంది. రెండు వైపులా పెచ్చులు రాల్చి అంచంతా పదును పెట్టి ఉంటుంది. కూలీలు వాటిని ‘పిల్లి నాలుకలు’ అనుకునేవారు. ఆబ్‌విల్ పట్టణంలో కస్టమ్స్ అధికారిగా పనిచేసిన బుషే ద పెర్త్ ఆ రాళ్లను సేకరించాడు. అంతరించిపోయిన ఏనుగుల, ఖడ్గమృగాల ఎముకలు ఏ పొరలో ఉన్నాయో ఈ రాళ్లూ ఆ పొరలోనే ఉన్నాయని 1840ల నుంచి మొత్తుకున్నాడు. పెద్దలెవరూ చెవిన పెట్టలేదు. 1859 ఏప్రిల్‌లో ఇంగ్లండ్ నుంచి జోసెఫ్ ప్రెస్ట్‌విచ్, జాన్ ఇవాన్స్ వచ్చారు. సెయింట్ అషూల్ దగ్గరి కంకర గుంతలో, పొరలోంచి ఇంకా ఊడని అలాంటి ఒక రాతి చేతిగొడ్డలిని కళ్లారా చూసి, అది ఉన్నచోట ఉండగానే ఫొటో తీయించారు. మనిషి వయసు బైబిల్ లెక్కల ఆరు వేల ఏళ్లతో ఆగదని లోకం ఒప్పుకోవడం మొదలైంది అప్పుడే.

అంతకు మూడేళ్ల ముందు, 1856లో, జర్మనీలోని నియాండర్ లోయలో సున్నపురాయి క్వారీ కూలీలు ఒక చిన్న గుహలోని మట్టిని కిందికి ఎత్తిపోస్తుంటే ఎముకలు వచ్చాయి. గుహ ఎలుగుబంటివి అనుకున్నారు. యోహాన్ ఫుల్‌రోట్ అనే బడిపంతులు చూసి, మనిషివే అన్నాడు. దొరికిన కాసిని ఎముకలు మిగిలాయి, గుహలోని మిగతా మట్టంతా లోయపాలైంది. అక్కడితో కథ ముగియలేదు. 1997లోనూ 2000లోనూ రాల్ఫ్ ష్మిట్జ్, యుర్గెన్ థిస్సెన్ ఆ పారబోసిన మట్టి ఎక్కడ పడిందో వెతికి పట్టుకుని తవ్వారు. అందులో దొరికిన ఒక ముక్క 1856 నాటి తొడ ఎముకకు సరిగ్గా అతికింది. పారబోసిన మట్టి కూడా సాక్ష్యం చెబుతుందనడానికి ఇంతకంటే ఏం కావాలి?

స్విట్జర్లాండ్‌లో సంగతి ఇంకా ఆసక్తికరం. 1853-54 చలికాలంలో జ్యూరిక్ సరస్సు నీరు బాగా తగ్గింది. ఓబర్‌మైలెన్ ఊరివాళ్లు అదను చూసుకుని ఒడ్డున మట్టి నింపి నేల పెంచుకోబోయారు. తవ్వుతుంటే బురదలోంచి గుంజల వరసలు, రాతిగొడ్డళ్లు, కుండపెంకులు వచ్చాయి. అవి నవీన శిలాయుగంలోనూ కంచు యుగంలోనూ ఆ ఒడ్డున వెలసిన ఊళ్ల అవశేషాలు. ఫెర్డినాండ్ కెల్లర్ వాటిని అధ్యయనం చేశాడు. నీటి దగ్గర నేల సంపాదించుకోబోతే చరిత్ర చేతికొచ్చిందన్నమాట. ఫ్రాన్స్‌లో 1868లో రైల్వే కోసం నేల చదును చేస్తుండగా క్రో-మాన్యో అనే చోట పాత రాతియుగపు అస్థిపంజరాలు బయటపడ్డాయి.

ఈ చరిత్రలో మోసమూ ఉంది. 1863లో ఆబ్‌విల్ దగ్గర మూలాన్ కిన్యో గుంతలో మనిషి దవడ ఎముక దొరికిందని గొప్ప సంచలనం చెలరేగింది. మనిషి ఎముక చూపించినవాళ్లకు 200 ఫ్రాంకులు ఇస్తామని బహుమానం ప్రకటించి ఉన్నారు. ఎక్కడిదో దవడను తెచ్చి పొరలో దూర్చారని తర్వాత తేలింది. రోజు కూలీతో బతికేవాడికి ఆ 200 ఫ్రాంకులు ఎంత పెద్ద మొత్తమో తలుచుకుంటే, తప్పంతా కూలీల నెత్తిన రుద్దడం న్యాయం కాదు.

ఈ కుప్పలన్నిటినీ ఒక వరసలో పెట్టే పని అంతకుముందే డెన్మార్క్‌లో మొదలైంది. కోపెన్‌హేగన్ మ్యూజియంలో క్రిస్టియన్ థామ్సన్ వస్తువులను రాయి, కంచు, ఇనుము అని మూడు యుగాలుగా విడగొట్టాడు. 1836లో ఆ పద్ధతిని పుస్తకంగా వేశాడు. ఆ తర్వాత ఫ్రెంచి పండితులు రాతియుగాన్ని మళ్లీ ముక్కలు చేసి, దొరికిన ఊళ్ల పేర్లే పెట్టారు. సెయింట్ అషూల్ పేరుమీద అషూలియన్, లా మాడ్‌లెన్ పేరుమీద మాగ్డలేనియన్. యూరప్ నదుల ఒడ్డున, గుహల్లో తయారైన ఈ కొలబద్ద తర్వాత ప్రపంచమంతా తిరిగింది.

కొలబద్ద మన నేలకు వచ్చింది

మన దేశానికి అది చాలా త్వరగా చేరింది. సోమ్ లోయ వార్తలు చదివి ఉన్న భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫూట్ 1863 మే 30న మద్రాసు దగ్గర పల్లావరంలో ఒక చేతిగొడ్డలిని ఏరాడు. అదీ కంకర గుంతలోనే. 1884లో ఆయన, ఆయన కొడుకు కలిసి అప్పటి కర్నూలు జిల్లా బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం గుహలు తవ్వారు. అక్కడ దొరికిన ఎముక పనిముట్లను ఫూట్ ఫ్రాన్స్ మాగ్డలేనియన్ వాటితో పోల్చాడు. తొంభై ఏళ్ల తర్వాత ఎం.ఎల్.కె. మూర్తి అదే ప్రాంతంలో ముచ్చట్ల చింతమాను గవిని తవ్వి, కర్నూలు గుహల్లో పాత రాతియుగం చివరి దశ మనుషులు తిరిగిన మాట నిజమేనని నిలబెట్టారు. ఫూట్ చూపు సరైనదే, పోలిక మాత్రం అరువుది.

ఫూట్ కంటే ముందే మరో పోలిక బయలుదేరింది. సురపురం సంస్థానంలో పనిచేసిన మెడోస్ టేలర్ భీమా నది పక్కన జీవర్గి చుట్టూ ఉన్న రాతి సమాధులను తవ్వి, రాయల్ ఏషియాటిక్ సొసైటీ బొంబాయి శాఖ పత్రికలో 1850ల్లో వ్యాసాలు అచ్చువేశాడు. తవ్విన పొరలను కోసి చూపినట్టు గీసిన ఆయన బొమ్మలను వందేళ్ల తర్వాత పురావస్తు శాస్త్రవేత్త మార్టిమర్ వీలర్ కూడా మెచ్చుకున్నాడు. అయితే ఈ గుండ్రంగా పేర్చిన రాళ్లు, బండల గదులు బ్రిటన్, ఫ్రాన్స్‌లలో ఉన్నవాటికి చుట్టాలని టేలర్ నమ్మాడు. కెల్టులో, సిథియన్లో కట్టి ఉంటారన్నాడు. చూపుకు పోలిక నిజంగానే ఉంది. తెలంగాణ పల్లెల్లో రాక్షసగుళ్లనీ పాండవగుళ్లనీ పిలిచే రాతి గదులకు ముందుబండలో గుండ్రటి రంధ్రం ఉంటుంది. అలాంటి రంధ్రాలు యూరప్ సమాధుల్లోనూ ఉన్నాయి. నారాయణపేట జిల్లా ముడుమాలలో కృష్ణ ఒడ్డున మనిషికి రెండింతల ఎత్తు నిలువురాళ్లు వరసలు తీరి ఉన్నాయి. జనం వాటిలో ఒకదాన్ని ఎల్లమ్మగా కొలుస్తారు. ముడుమాల 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాకు ఎక్కింది. బ్రిటనీ తీరాన కార్నాక్‌లోనైతే ఇలాంటివి మూడు వేల దాకా బారులు తీరాయి.

చుట్టరికం లేదని తేల్చింది, వయసు లెక్కగట్టే రేడియోకార్బన్ పద్ధతి. 1949లో విల్లర్డ్ లిబీ బృందం ఆ పద్ధతిని నిలబెట్టాక, బ్రిటనీ రాతి సమాధుల్లో పాతవి క్రీస్తుపూర్వం అయిదో సహస్రాబ్దికి వెళ్లాయి. ఈజిప్టు నుంచో ఏజియన్ తీరం నుంచో ఈ విద్య యూరప్‌కు పాకిందన్న పాత సిద్ధాంతాన్ని కొలిన్ రెన్‌ఫ్రూ 1973 నాటి పుస్తకంలో కుప్పకూల్చాడు. మన దక్కన్ సమాధుల్లో ఎక్కువ భాగం ఇనుప యుగానివి, క్రీస్తుపూర్వం 1200 తర్వాతవి. మధ్యలో మూడు వేల ఏళ్ల ఎడం. చచ్చినవారిని మరవకుండా ఉండటానికి పెద్ద బండలు నిలపాలన్న ఆలోచన వేర్వేరు చోట్ల వేర్వేరు మనుషులకు వచ్చింది. ఒకరిని చూసి ఒకరు నేర్చారనడానికి ఆధారం లేదు.

కామాటిపుర కింద

ఈ నిలువురాళ్ల, రాక్షసగుళ్ల సీమ నుంచే, అప్పటి నిజాం రాజ్యపు తెలుగు జిల్లాల నుంచి, 18వ శతాబ్ది చివర మొదలై బొంబాయికి కూలి పనికి జనం వలస వెళ్లారు. మట్టి తవ్వడం, రాయి కొట్టడం, తట్టలు మోయడం, గోడ లేపడం వాళ్ల పని. వాళ్లను కామాటీలన్నారు, వాళ్లుండే చోటు కామాటిపుర అయింది. ఆ చోటు అంతకుముందు నేలే కాదు. మహాలక్ష్మికీ వర్లీకీ నడుమ ఉన్న గండిలోంచి సముద్రపు పోటు లోపలికి వచ్చి, దీవుల మధ్య పల్లపు నేలను ముంచెత్తేది. 1784 ప్రాంతంలో హార్న్‌బీ వెల్లార్డ్ అనే కట్ట ఆ గండిని మూసింది. 1793లో బెలాసిస్ రోడ్డు పడింది. మెల్లమెల్లగా పల్లాలు పూడి, వాటి మీద గల్లీలు వెలిశాయి. ఒకటో గల్లీ, రెండో గల్లీ అంటూ అంకెలతోనే పిలిచే ఆ వీధులు ఉప్పుబురద మీద పోసిన మట్టి మీద నిలిచి ఉన్నాయి.

ఆ బురదకు అడుగున ఏముందో కొంత చెప్పిన తవ్వకం ఒకటి జరిగింది. కామాటిపురకు తూర్పున, రేవు ఒడ్డున, 1870ల్లో ప్రిన్సెస్ డాక్ కోసం నేల తవ్వారు. సముద్రపు బురద పొర తీసేసరికి అడవి కనిపించింది. 382 చెట్లు. సగానికి పైగా వేళ్లు నేలలో ఉండగానే నిలువుగా నిలబడి ఉన్నాయి, మిగతావి పడిపోయి ఉన్నాయి. చాలావరకు చండ్ర చెట్లు, తమలపాకులో వేసుకునే కాచు తీసేది వీటినుంచే. పడిపోయిన మానుల్లో ఒకటి పెద్దది, నిప్పు అంటుకుని కాలి ఉంది. చండ్ర ఉప్పునీటిలో బతికే చెట్టు కాదు. ఒకప్పుడు అక్కడ పొడి నేల ఉండేదనీ, సముద్రం పొంగడం వల్లనో నేల కుంగడం వల్లనో అది మునిగిపోయిందనీ అర్థం. పనుల్లో ఉన్న ఇంజనీరు జార్జ్ ఆర్మిస్టన్ ఈ సంగతిని కాగితం మీద పెట్టాడు. 1910 ప్రాంతంలో పక్కనే అలెగ్జాండ్రా డాక్ తవ్వినప్పుడు మళ్లీ అలాంటి అడవే తేలింది.

యూరప్ వెళ్లి చూస్తే ఈ అడవికి జత దొరుకుతుంది. బ్రిటన్ తీరాల్లో నీరు బాగా తీసినప్పుడు బయటపడే మోడుల గురించి క్లెమెంట్ రీడ్ 1913లో మునిగిన అడవుల మీద పుస్తకం రాశాడు. బ్రిటన్‌కూ డెన్మార్క్‌కూ మధ్య ఇప్పుడున్న ఉత్తర సముద్రం ఒకప్పుడు మైదానమై ఉండాలన్నాడు. 1931లో కొలిండా అనే చేపల పడవ వలలో సముద్రం అడుగు నుంచి పీట్ (కుళ్లిన మొక్కల మట్టి) ముద్ద ఒకటి వచ్చింది. పగలగొడితే అందులో దుప్పి కొమ్ముతో చేసిన, ముళ్లు చెక్కిన ఈటె మొన ఉంది. అంటే ఆ మైదానంలో వేటగాళ్లు తిరిగారు. 1998లో బ్రయనీ కోల్స్ ఆ మునిగిన నేలకు డాగర్‌ల్యాండ్ అని పేరు పెట్టింది. చమురు కంపెనీలు తీసిన సముద్రగర్భ చిత్రాలతో దాని నదులు, గుట్టలు, తీరాలు ఇప్పుడు పటాలకెక్కాయి. బొంబాయి చండ్ర అడవికి అంత శ్రద్ధ దక్కలేదు. కాలిన ఆ మానును కాల్చింది పిడుగా, మనిషి చేతి నిప్పా? ఆ మాను బొగ్గు ముక్క ఒక్కటి జాగ్రత్తగా దాచి, చుట్టూ బురదను జల్లించి ఉంటే ఆ ప్రశ్నకు దారి దొరికేది. డాక్ కట్టడం అత్యవసరమైంది, అడవి చిత్తు కాగితాల్లో వింతగా మిగిలింది.

కాందివలి మొరం, వర్లీ చాళ్లు

1920లో గవర్నర్ జార్జ్ లాయిడ్ హయాంలో బొంబాయి డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంట్ ఏర్పడింది. ఇంగ్లిషు అక్షరాల్లో బీడీడీ. దాని చేతిలో రెండు పెద్ద పనులు పెట్టారు. ఒకటి బ్యాక్ బేను పూడ్చి సముద్రంలోంచి నేల తీయడం, రెండోది మిల్లు కూలీలకు ఇళ్లు కట్టడం. వర్లీ, నాయగావ్, డెలైల్ రోడ్డు, శివడీలలో మొత్తం 207 చాళ్లు లేచాయి. ఒక్కొక్కటీ నాలుగంతస్తులు, అంతస్తుకు ఇరవై ఖోలీలు, అంటే గదులు. ఒక్కో ఖోలీ 160 చదరపు అడుగులు, నీళ్ల కుళాయి, పాయిఖానా అందరికీ కలిపి. కరీంనగర్, వరంగల్, నల్లగొండల నుంచి మిల్లుల్లో సాంచాలు నడపడానికి వెళ్లిన పద్మశాలీలు, మరెన్నో తెలుగు కుటుంబాలు వర్లీ, లోయర్ పరేల్ చుట్టూ ఇలాంటి చాళ్లలోనే మూడు నాలుగు తరాలు బతికాయి.

మొదటి పని, అంటే బ్యాక్ బే పూడిక కోసం, రాయీ మొరమూ ఉత్తరాన ఉన్న కాందివలి కొండను తవ్వి తెచ్చారు. అలా క్వారీలు నోళ్లు తెరిచిన చోట పొరలు కోతపెట్టినట్టు బయటపడ్డాయి. వాటిని చూసిన కళ్లు కె.ఆర్.యు. టాడ్ అనే నౌకాదళ అధికారివి. 1932లో బొంబాయి చుట్టుపక్కల ఆదిమానవుడి గురించి ఇంగ్లండ్ ఆదిమ చరిత్ర సంఘం పత్రికలో రాశాడు. 1939లో కాందివలి పొరలను వివరంగా అచ్చువేశాడు. ఆయన లెక్కలో అడుగున బంకమన్ను, గులకరాళ్లు, వాటిలో చేతిగొడ్డళ్లు, బరువైన పెచ్చులు ఉన్నాయి. పైకి వచ్చేకొద్దీ పనిముట్లు చిన్నబడి, సన్నని రాతి పట్టీలు, ఉలుల్లాంటి మొనలు కనిపిస్తాయి. అన్నిటికీ పైన, సాల్సెట్ దీవి తీరం వెంబడి కూడా, గోరంత సూక్ష్మ శిలా పనిముట్లు దొరికాయి. వాటిపై టాడ్ రాసిన వ్యాసం 1950లో ‘ఏన్షియంట్ ఇండియా’లో వచ్చింది. సెలవు దొరికిన వేళల్లో ఒక నావికుడు చేసిన ఈ పనిని తక్కువ చేయడానికి లేదు. ముంబై మహానగరానికి రాతియుగం ఉందని చెప్పింది ఆయనే.

పేర్లు పెట్టేటప్పుడు మాత్రం ఆయన చేతిలో యూరప్ కొలబద్దే ఉంది. కాందివలి పెచ్చులు ఇంగ్లండ్‌లోని క్లాక్టన్ పెచ్చుల్లా ఉన్నాయి కాబట్టి క్లాక్టోనియన్, చేతిగొడ్డళ్లు అషూలియన్, పైపొర పట్టీలు, ఉలులు యూరప్ పాత రాతియుగం చివరి దశవి. ఒకే కొండ పొరల్లో సోమ్ లోయా థేమ్స్ తీరమూ వరసగా పేర్చినట్టయింది. తర్వాత పుణె డెక్కన్ కాలేజీలో హెచ్.డి. సంకాలియా, బరోడా నుంచి ఎస్.సి. మాలిక్ ఈ పొరలను మళ్లీ పరిశీలించి, భారతీయ వరసతో సరిపోల్చారు. 1961 ఢిల్లీ సమావేశంలో మన పండితులు యూరప్ ఊళ్ల పేర్లను పక్కన పెట్టి, తొలి, మధ్య, మలి రాతియుగాలని సాదాగా పిలుచుకోవాలని నిర్ణయించారు. మంచి నిర్ణయం. 2011లో శాంతి పప్పు బృందం తమిళనాడు అత్తిరంపాక్కం చేతిగొడ్డళ్లు 15 లక్షల ఏళ్ల నాటివని ప్రకటించింది. అషూలియన్‌కు పేరిచ్చిన సెయింట్ అషూల్ గుంతల వయసు దానికి దరిదాపుల్లో కూడా లేదు. అప్పటి కర్నూలు జిల్లా జ్వాలాపురంలో సుమత్రా దీవి నుంచి వచ్చి పడ్డ 74 వేల ఏళ్ల నాటి టోబా అగ్నిపర్వత బూడిద కిందా, పైనా రాతి పనిముట్లు దొరికాయి. రవి కొరిసెట్టర్, మైకేల్ పెట్రాలియా బృందం 2007లో ఆ సంగతి వెల్లడించింది. దక్షిణాది రాతి పనిముట్లను కొలవడానికి దక్షిణాది పొరలే సరిపోతాయి.

కాందివలి కొండలో కొంత భాగం ఇప్పుడు మెరీన్ డ్రైవ్ వెనుక నేలలో కలిసిపోయింది. ఆ మొరంలో రాతి పనిముట్లు కూడా కలిసి వెళ్లి ఉండవచ్చు. నియాండర్ లోయ పారబోసిన మట్టి 140 ఏళ్ల తర్వాత పలికినట్టు, బ్యాక్ బేలో ఎక్కడైనా పునాది తవ్వినప్పుడు ఈ మట్టీ పలకవచ్చు, చూసేవాడుంటే.

తవ్వేటప్పుడు చూసేదెవరు?

యూరప్ ఇక్కడ ఒక మంచి పాఠం నేర్పుతుంది. కూలీ కంట పడితేనే చరిత్ర అన్న స్థితి నుంచి అది చట్టాల స్థితికి చేరుకుంది. 1992లో మాల్టా రాజధాని వాలెట్టాలో యూరప్ దేశాలు ఒక ఒప్పందం చేసుకున్నాయి. నేల తవ్వే ప్రతి పెద్ద పనిలో పురావస్తు పరిశీలనను ప్రణాళికలోనే చేర్చాలి, ఖర్చు ప్రాజెక్టే భరించాలి. ఫ్రాన్స్‌లో 2001 చట్టంతో ఇందుకోసం ఒక ప్రభుత్వ సంస్థే ఏర్పడింది. లండన్‌లో క్రాస్‌రైల్ సొరంగాలు తవ్వుతుంటే పురావస్తు నిపుణులు పక్కనే ఉన్నారు. నార్త్ వూలిచ్‌లో సుమారు 9 వేల ఏళ్ల కిందట వేటగాళ్లు చెకుముకి రాయి చెక్కుకున్న చోటు అలా దొరికింది. రైలు ఆగలేదు, చరిత్రా పోలేదు.

మన 1958 పురావస్తు కట్టడాల చట్టం, దానికి 2010 సవరణ, రక్షిత కట్టడానికి వంద మీటర్ల లోపు నిర్మాణాన్ని నిషేధిస్తాయి, మరో రెండు వందల మీటర్ల మేర అదుపులో ఉంచుతాయి. రక్షితమని ప్రకటించిన చోటికే ఆ రక్షణ. నేల కింద ఏముందో ముందుగా చూడమని చెప్పే నియమం అందులో లేదు. ముంబై లాంటి నగరానికి అది పెద్ద లోటు, ఎందుకంటే ఇక్కడ ఆదిమ కాలపుది చాలావరకు నేల కిందే, బురద కిందే ఉంది.

ఇప్పుడు ఆ లోటు తీర్చడం మరింత అత్యవసరమైంది. బీడీడీ చాళ్లు ఒక్కొక్కటే కూలి, వాటి స్థానంలో నలభై అంతస్తుల టవర్లు లేస్తున్నాయి. 2025 ఆగస్టులో వర్లీలో తొలి విడతగా 556 కుటుంబాలకు కొత్త ఇళ్ల తాళాలు ఇచ్చారు. కామాటిపుర గల్లీల పునర్నిర్మాణం కూడా మహారాష్ట్ర ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ మ్హాడా చేతికి వెళ్లింది. 160 అడుగుల ఖోలీలో తరాలు గడిపినవాళ్లకు మంచి ఇల్లు రావడం ఆలస్యంగా దక్కిన న్యాయం, దానికి ఎవరూ అడ్డు పడకూడదు. కానీ ఇన్నాళ్లు లోతు తక్కువ పునాదులనే మోసిన ఈ నేలను ఇప్పుడు రాతి పొర దాకా తవ్వుతారు. పూడిక మట్టి, దాని కింద ఉప్పుబురద, ఆ కింద మునిగిన నేల ఏదైనా ఉంటే అదీ, అన్నీ లారీలకెక్కి ఊరవతల పడతాయి. ఒకసారి పోతే ఆ వరస మళ్లీ రాదు.

మ్హాడా ప్రతి పునాది గుంత దగ్గర కొన్ని రోజులు ఒక పురావస్తు విద్యార్థినైనా నిలబెట్టాలి. ముంబై విశ్వవిద్యాలయంలో, పుణె డెక్కన్ కాలేజీలో ఈ పని తెలిసినవాళ్లు ఉన్నారు. పొరల ఫొటో, కొలతలు, ఒక్కో పొర నుంచి గంపెడు మట్టి, ఇంతకంటే ఎక్కువ అడగడం లేదు. కామాటిపురలో, వర్లీలో ఉన్న తెలుగు సంఘాలు పునర్నిర్మాణ సమావేశాల్లో ఈ మాట ఎత్తాలి. తమ పేరు పెట్టుకున్న నేల గురించి అడిగే హక్కు వాళ్లకుంది. ఇక పాలమూరు నుంచి వెళ్లి ఆ గుంతల్లో జేసీబీ నడిపే తమ్ముళ్లకు, సెంట్రింగ్ కట్టే మేస్త్రీలకు ఒక్క మనవి. చెక్కినట్టున్న రాయో, కుండపెంకులో, బురదలో నిలువుగా ఉన్న మానో కనిపిస్తే, దాన్ని కదపకముందే ఫోన్‌తో ఒక ఫొటో తీయండి, ఎంత లోతులో ఉందో పక్కన టేపు పెట్టి చూపండి, సైట్ ఇంజనీరుకు చెప్పి రాయించండి.